క్షేమం ఎవరి పని?

ప్రయాణం కట్టి గుమ్మం దాటుతున్నవాళ్ళతో మన పెద్దవాళ్ళు ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రా’ అంటారు. ఆ దీవెనలో క్షేమం ముందు, లాభం తర్వాత. ఉత్తరాలు రాసుకున్న రోజుల్లోనూ మొదటి వాక్యం క్షేమం గురించే ఉండేది. డబ్బు సంగతి, పొలం సంగతి, పెళ్ళి సంబంధం సంగతి ఆ తర్వాతే. సంస్కృతంలో ఈ జంటను యోగక్షేమం అంటారు. అక్కడ యోగం ముందు నడుస్తుంది, క్షేమం దాని వెనక వస్తుంది. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 22వ శ్లోకంలో కృష్ణుడు, తనను తప్ప వేరొకటి తలవని భక్తుల యోగక్షేమాన్ని తానే మోస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట జీవిత బీమా సంస్థ గుర్తు కింద అచ్చయి, గీత తెరవని ఇళ్ళలోకి కూడా చేరింది. శంకరులు ఆ రెండు పదాలకూ క్లుప్తంగా అర్థం చెప్పారు: లేనిది చేకూరడం యోగం, చేకూరినదాన్ని కాపాడటం క్షేమం. సంపాదించడం గురించి మన నీతిశాస్త్రాలు, కథలు చాలా మాట్లాడాయి. వదులుకోవడం గురించి మన వేదాంతం ఇంకా ఎక్కువ మాట్లాడింది. ఈ రెంటికీ మధ్య ఒక పని ఉంది. చేతికి వచ్చి, ఇంకా చెయ్యి దాటిపోని వస్తువును రోజూ తుడిచి, నూనె పెట్టి, బిగించి నిలబెట్టే పని అది. అది ధర్మమా, మమకారమా అని అడిగినవాళ్ళు తక్కువ. అది ధర్మమేనని, సరిగా చేస్తే మమకారాన్ని కరిగించే పని అని నా వాదన.

ఈ వాదనను నిలబెట్టి చూడటానికి మోటారుసైకిలును ఎంచుకున్నాను. వాహనం అన్న మాట, ‘మోస్తాను’ అనడానికి గీత వాడిన వహామి అన్న క్రియ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. బండిని గురించి నిజాయితీగా ఆలోచిస్తే ఆ క్రియను గురించి ఆలోచించినట్టే. అందులోనూ స్పోర్ట్ టూరర్ అనే తరగతి బండి ఈ ప్రశ్నకు బాగా తగింది. వేగానికి తగ్గ ఇంజను, బ్రేకులు ఉంటాయి. రోజంతా కూర్చోగల సీటు, వెనక మనిషికి చోటు, రెండు పక్కలా పెట్టెలు తగిలించుకునే వీలు ఉంటాయి. నడిపేవాణ్ణి, వెంట వచ్చేవాళ్ళను, సామానును దూరం మోయడానికే దాన్ని తయారుచేస్తారు. ఇక అండమాన్‌ను ఎంచుకున్నది అక్కడి గాలి కోసం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ దాకా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు, అంటే నేటి 4వ నంబరు జాతీయ రహదారి, మొత్తం సుమారు 330 కిలోమీటర్లు. విజయవాడ, హైదరాబాద్ మధ్య తిరిగే బండికి అది ఒక్కరోజు పని. ద్వీపంలో బండిని దూరం అరగదీయదు, ఉప్పుగాలి అరగదీస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. పడవ అడుగు గీకి, రంగు వేసి, మళ్ళీ నీళ్ళలో దింపడం ఏమిటో తెలిసిన జనం వాళ్ళు. అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ కొంతకాలం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, 1974లో మోటారుసైకిలు మరమ్మతును ఆధారం చేసుకుని పేరున్న పుస్తకం ప్రచురించాడు. ఆయన వెతికింది నాణ్యత అంటే ఏమిటని. నేను అడుగుతున్నది అంతకన్నా పాత ప్రశ్న.

ఉప్పు ఇనుముకు ఏం చేస్తుందో ముందు చూడాలి. తుప్పు పట్టడానికి నీరు, గాలిలోని ప్రాణవాయువు చాలు. నీటిలో ఉప్పు కలిస్తే అందులో విద్యుత్తు సులువుగా పారుతుంది, దానితో తుప్పు త్వరపడుతుంది. అల్యూమినియం మీద, స్టెయిన్‌లెస్ స్టీలు మీద సహజంగా ఏర్పడే పల్చటి రక్షణ పొరను ఉప్పులోని క్లోరైడు తూట్లు పొడుస్తుంది. అల్యూమినియం ఇంజనులో ఉక్కు బోల్టు దిగిన చోట రెండు లోహాలూ తడిలో కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో అల్యూమినియం తినబడుతుంది. ఏడాదిలో మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడిపే చోట, కార్బిన్స్ కోవ్ ఒడ్డున అలల తుంపర రోడ్డు మీద పడే చోట, ఈ పని రాత్రీపగలూ సాగుతుంది. నిలబెట్టిన బండిని కూడా అది వదలదు. అందుకే ద్వీపంలో రోజువారీ చాకిరీ ఎక్కువ. తిరిగి వచ్చాక మంచినీళ్ళతో అడుగుభాగం కడగాలి. చైనును కిరసనాయిలుతో తుడిచి, వేడి ఆరకముందే లోపలి వైపు నుంచి నూనె పట్టించాలి. ఆ నూనె టైరు మీదా బ్రేకు డిస్కు మీదా పడకుండా చూడాలి. బ్యాటరీ కొనలకు వాజలిన్ రాయాలి. ముందు ఫోర్కు గొట్టాలు తుడవాలి. వాటి మీద తుప్పు చుక్క గరుకు తేలితే ఆయిల్ సీలు కోసుకుపోతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పీల్చిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. అలా మరిగి లోపల ఆవిరి బుడగలు పుడితే, లీవరు మెత్తగా దిగిపోతుంది గాని బండి ఆగదు. రెండేళ్ళకొకసారి దాన్ని మార్చమనేది అందుకే.

ఈ చాకిరీలో ఒక విషయం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. మమకారం ఉన్నవాడు ట్యాంకు తుడుస్తాడు. ట్యాంకు అందరికీ కనిపిస్తుంది, దాని మీద తన ముఖం తనకే కనిపిస్తుంది. ఉప్పు చేరేది మాత్రం చైను లోపలి వైపున, మడ్‌గార్డు అడుగున, సైలెన్సరు అతుకుల్లో, బ్రేకు పిస్టన్ల చుట్టూ. అక్కడికి చెయ్యి పోవాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి, గోళ్ళలో గ్రీజు చేరాలి. చేసిన పని ఎవరికీ చూపించడానికి ఉండదు. ఒకే బండి మీద, ఒకే సాయంత్రం, రెండు వేరు పనులు జరుగుతాయి. ఒకటి నాది అన్న భావాన్ని మెరిపిస్తుంది, రెండోది మోసేదాన్ని మోయగలిగేటట్టు ఉంచుతుంది. మమకారం వేరు, క్షేమం వేరు అని చెప్పడానికి వేదాంత పరిభాష దాకా వెళ్ళనక్కర్లేదు, ఏది తుడుస్తున్నాడో చూస్తే చాలు. ఇంకో సంగతి. ఈ పనికి కనిపించే ఫలం లేదు. మార్చిన బ్రేకు ఆయిల్ వల్ల జరగకుండా పోయిన ప్రమాదానికి సాక్షి ఎవరూ ఉండరు. అది జరిగి ఉండేదని చేసినవాడు కూడా రుజువు చేయలేడు. పొగడ్త రాదు, తృప్తి కూడా గట్టిగా రాదు. ఫలం మీద చూపు పెట్టకుండా పని చేయమన్న గీత బోధను ఉదాహరణతో చెప్పమంటే యుద్ధాలు, రాజ్యాలు తీసుకుంటాం. నాకైతే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకలేదు.

దీనికి మొదటి అభ్యంతరం శాస్త్రం నుంచే వస్తుంది, అది బలమైనదే. గీత రెండో అధ్యాయం 45వ శ్లోకంలో కృష్ణుడు అర్జునుణ్ణి నిర్యోగక్షేముడివి కమ్మన్నాడు. సంపాదన చింతతోపాటు కాపాడుకునే చింత కూడా వదలమని దాని భావం. కఠోపనిషత్తు ఇంకా కటువుగా చెప్పింది. శ్రేయస్సు, ప్రేయస్సు రెండూ ఎదుట నిలిచినప్పుడు మందబుద్ధి యోగక్షేమం కోసం ప్రేయస్సును కోరుకుంటాడని యముడు నచికేతుడితో అన్నాడు. శరీరం మొదలైనవాటి పెంపు, రక్షణ కోసం అని అక్కడ శంకర భాష్యం. ఈ రెండు చోట్లూ చూసినవాడు, నూనె గుడ్డ పట్టుకుని కూర్చునే పనిని ధర్మమంటే ఒప్పుకోడు. కాని కఠోపనిషత్తు అక్కడితో ఆగలేదు. తర్వాతి వల్లిలో అదే యముడు శరీరాన్ని రథమన్నాడు, బుద్ధిని సారథి అన్నాడు, మనసును పగ్గం అన్నాడు, ఇంద్రియాలను గుర్రాలన్నాడు. గుర్రాలు మాట వినని సారథి గమ్యం చేరడని హెచ్చరించాడు. రథం చేరవలసిన చోటికి చేరాలి అన్నదే ఆ పోలికకు ప్రాణం. యముడు తప్పుపట్టింది క్షేమాన్ని గమ్యంగా పెట్టుకున్నవాణ్ణి. రథాన్ని నిలబెట్టుకున్నవాణ్ణి కాదు.

నిర్యోగక్షేముడివి కమ్మన్న మాటకు జవాబు ఆ మాట అన్నవాడి నడతలోనే ఉంది. మహాభారతం ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి సూర్యాస్తమయంలోగా చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టిన మర్నాటి సంగతి ఇది. పొద్దు వాలుతోంది, శత్రువు ఇంకా దూరంలో ఉన్నాడు, గుర్రాలు బాణపు దెబ్బలతో అలిసిపోయాయి. అప్పుడు యుద్ధం నడిమధ్యన రథం ఆగింది. అర్జునుడు కిందికి దిగి నేల మీద నిలబడి శత్రువులను ఆపాడు. బాణంతో నేలను చీల్చి నీటి మడుగు పుట్టించాడు, బాణాలతోనే చుట్టూ గృహం కట్టాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తన చేతులతో లాగి, ఒళ్ళు నిమిరి, కడిగి, నీళ్ళు పట్టి, మేత పెట్టి, అలసట తీరాక మళ్ళీ కట్టాడు. జగన్నాథుడని పాండవులు నమ్మిన ఆ సారథికి, ఒక్క ఘడియ కూడా వృథా చేయడానికి వీల్లేని రోజున, గుర్రాల ఒళ్ళు తోమడం చిన్న పని అనిపించలేదు. క్షేమచింత వదలమన్నది ఎవరో, క్షేమం చేసింది ఎవరో పక్కపక్కన పెట్టి చూస్తే విడిచిపెట్టవలసింది పనిని కాదని తెలుస్తుంది. ఎలాగవుతుందో అన్న బెంగను, నాదేనన్న పట్టును వదలమన్నాడు. భారతం ఈ పాఠాన్ని సగంలో ఆపలేదు కూడా. శల్యపర్వంలో, యుద్ధం ముగిశాక, కృష్ణుడు అర్జునుణ్ణి ముందు దిగమన్నాడు. తర్వాత తాను దిగాడు. వెంటనే ఆ రథం గుర్రాలతో సహా కాలి బూడిదయింది. ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోయిందని, తాను కూర్చుని ఉండబట్టే ఇన్నాళ్ళూ నిలిచిందని చెప్పాడు. పని ఉన్నన్నాళ్ళూ నిలిపాడు, పని తీరాక ఒక్క నిట్టూర్పు లేకుండా పోనిచ్చాడు. మమకారం లేని క్షేమం ఎలా ఉంటుందో ఆ రెండు ఘట్టాలూ కలిపి చదివితే కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం భక్తుడిది. మోస్తానని ఆయనే అన్నాడు కదా, ఇక నా పానా ఎందుకు, నా గుడ్డ ఎందుకు? ఈ మాట తేలిగ్గా తోసేయవలసింది కాదు. దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే మనిషి మనసులో నిజమైన నమ్మకం ఉంటుంది. అండమాన్‌లో బెంగాలీ మాట్లాడేవాళ్ళే అందరికన్నా ఎక్కువ, వాళ్ళకు సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ. అదయిన కొద్ది వారాల్లో మన ఆయుధపూజ వస్తుంది. పనిముట్టుకు కృతజ్ఞత చెప్పే పండుగలు అవి, వాటి మీద నాకు గౌరవం ఉంది. కాని పూజ క్షేమానికి బదులు అనుకుంటే శంకరుల దగ్గరే చిక్కు వస్తుంది. 22వ శ్లోకం భాష్యంలో ఆయనే ప్రశ్న వేసుకున్నారు: మిగతా భక్తుల యోగక్షేమాన్ని కూడా భగవంతుడు మోస్తాడు కదా, మరి వీళ్ళకేమిటి ప్రత్యేకం? నిజమే, మోస్తాడు. కాని మిగతా భక్తులు తమ కోసం తామూ ప్రయత్నిస్తారు. అనన్యులు తమ కోసం ప్రయత్నించరు, వాళ్ళకు బతుకు మీదా చావు మీదా తమకంటూ ఆశ లేదు. ఇదీ ఆయన జవాబు. ఇందులో ‘తమ కోసం’ అన్న మాటే నాకు కీలకం. చావుబతుకుల మీద ఆశ విడిచినవాడు తన బ్రేకుల సంగతి దేవుడికి వదిలేయవచ్చు. అతని బండి వెనక కూర్చున్న మనిషి ఆశ విడవలేదు. రోడ్డు దాటుతున్న బడిపిల్ల అసలే విడవలేదు. తన క్షేమాన్ని వదులుకునే హక్కు భక్తుడికి ఉందనుకుందాం, ఎదుటివాళ్ళ క్షేమాన్ని వదిలే హక్కు ఆ భాష్యం ఎవరికీ ఇవ్వలేదు. రోడ్డు మీద బ్రేకు ఎప్పుడూ తన ఒక్కడి కోసం ఉండదు.

రామానుజుల సంప్రదాయంలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకో దారిన అడ్డు చెప్పవచ్చు. ఆయన ఆ శ్లోకంలో యోగమంటే భగవంతుణ్ణి పొందడమని, క్షేమమంటే తిరిగి సంసారంలో పడకపోవడమని అర్థం చేశారు. అంత ఎత్తు మాటను తెచ్చి బ్రేకు ఆయిల్ దగ్గర పెడతావా అని అడగవచ్చు. మాట కింద నుంచే పైకి ఎక్కింది. పైకి ఎక్కినంత మాత్రాన కింది అర్థం రద్దు కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ సంప్రదాయమే రోజువారీ చాకిరీకి కైంకర్యమని పేరుపెట్టి పురుషార్థాల మీద కూర్చోబెట్టింది. తిరుమల నంబి పాపవినాశనం నుంచి రోజూ నీళ్ళు మోసుకొచ్చాడని, అనంతాళ్వాన్ కొండ మీద పూలతోట పెంచి చెరువు తవ్వాడని తిరుమల చరిత్ర చెప్పుకుంటుంది. ఇప్పటికీ ఆలయంలో ఏడాదికి నాలుగుసార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు గర్భాలయం నుంచి గోడలు, కప్పు, సామగ్రి అంతా కడిగి సుగంధద్రవ్యాల పూత పూస్తారు. పన్నెండేళ్ళకొకసారి అష్టబంధనం, మహాసంప్రోక్షణం జరుగుతాయి. 2018 ఆగస్టులో అవి జరిగాయి. జీర్ణమైనదాన్ని ఉద్ధరించడం ఆగమంలో ఒక ప్రకరణం. దేవుడున్న ఇల్లయినా పాతబడకుండా తనను తానే చూసుకోదు, చూసుకోవడం మనుషుల వంతు అని ఆగమం నిర్ణయించింది. జడవస్తువుకు సేవ ఏమిటన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. సేవ అందుకునేది రాయి కాదని అర్చకుడికి తెలుసు, గొలుసు కాదని చైనుకు నూనె వేసేవాడికీ తెలియాలి.

సామాను దగ్గర క్షేమానికీ యోగానికీ తగవు నేరుగా మొదలవుతుంది. పెట్టె ఖాళీగా ఉంటే నింపాలనిపిస్తుంది, అది యోగం. బండి ఎంత బరువు మోయగలదో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది, నడిపేవాడు, వెనక మనిషి, సామాను అన్నీ కలిపి. చాలామంది సామాను బరువే చూస్తారు, తమ బరువు లెక్కలో వేయరు. బరువులు కిందుగా, బండి నడుముకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా ఉండాలి. టాప్ బాక్సు వెనక చక్రపు ఇరుసు దాటి వేలాడుతుంది. దాన్ని బరువైనవాటితో నింపితే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ పట్టు సడలుతుంది, వేగంలో బండి ఊగుతుంది, హెడ్‌లైటు ఎదుటివాడి కళ్ళలోకి లేస్తుంది. బరువు పెరిగితే వెనక సస్పెన్షన్ బిగించి, చల్లని టైరులో గాలి చూసి పెంచాలి. కట్టిన తాడు కొస వదులై వేలాడితే చైనులోకి పోతుంది. అపరిగ్రహాన్ని, అంటే అవసరానికి మించి పోగు చేసుకోకపోవడాన్ని, యోగశాస్త్రం యమాల్లో ఒకటిగా లెక్కించింది. సాధారణంగా అది మనసుకు సంబంధించిన నియమంగా వింటాం. ఇక్కడ అది భౌతికశాస్త్రం కూడా. మోసేవాడి చేతిలోంచి దిశను మోయబడేది లాగేసుకుంటుంది. అయితే అపరిగ్రహం పేరు చెప్పి పంచరు కిట్టు, క్లచ్ కేబులు, మందుల సంచి, వెనక మనిషికి వాన కోటు వదిలేసి తేలికగా పోయేవాడు త్యాగి కాడు. వాడకుండానే ఇంటికి తిరిగి రావాలని కోరుకుంటూ మోసే సామాను అది. పెట్టెలో దానికి ముందు చోటు ఇవ్వాలి, మిగిలితే చొక్కాలకు.

నడపడం గురించి ఎక్కువ చెప్పను. వాన తడిసిన రోడ్డు మీద బండి నేలను తాకేది ఒక్కో టైరుకు అరచేయంత చోట. వేగం, వంపు, బ్రేకు అన్నీ ఆ అరచేయంత పట్టులోంచే ఖర్చు కావాలి. మలుపులో ఒకేసారి అన్నీ అడిగితే పట్టు తెగుతుంది. చూపు ఎటుంటే బండి అటు పోతుందన్నది నడిపేవాళ్ళందరికీ తెలిసిన నిజం. గోతిని తప్పించాలని గోతినే చూసేవాడు గోతిలోనే దిగుతాడు. గుర్రాలను, పగ్గాన్ని, సారథిని కఠోపనిషత్తు విడదీసి చెప్పినది ఒక్క మలుపులో ఒంటికి అర్థమవుతుంది. స్పోర్ట్ టూరర్‌కు ఉన్న బలం చూస్తే నడిపేవాడు చేసే పనిలో ఎక్కువ భాగం, ఉన్న శక్తిని వాడకపోవడమే. దీన్ని కూడా క్షేమంలోనే వేస్తాను.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అండమాన్ నేలే వేస్తుంది. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది, ఉత్తర కొస పైకి లేచింది. సిప్పీఘాట్ దగ్గర పొలాలు సముద్రపు నీటి కింద ఉండిపోయాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్ల పైగా దిగిపోయి, లైట్‌హౌస్ మొదలు నీళ్ళలో నిలబడింది. సునామీ వేలమంది ప్రాణాలు తీసింది. కాళ్ళ కింది నేలే నిలవని చోట చైనుకు నూనె వేయడం ఏమిటి, అంతా అనిత్యమని ఒప్పుకోక చేసే మొండితనం కాదా అని అడగవచ్చు. నాకు తోచేది దీనికి తలకిందులు. ఆత్మ తడవదు, ఎండదు, తెగదు అని గీత చెప్పింది. దానికి క్షేమం చూసేవాళ్ళు అక్కర్లేదు. క్షేమం అన్న మాట పుట్టిందే నశించేవాటి కోసం. అనిత్యం కాబట్టి వదిలేయాలన్న నియమాన్ని బండికి వర్తింపజేస్తే పసిబిడ్డకు, ముసలి తల్లికి, చెరువు గట్టుకు కూడా వర్తిస్తుంది. ఎవరూ అంత దూరం పోరు. వారానికొకసారి తుప్పు గీకేవాడికి అనిత్యం ప్రవచనంలో విన్న మాట కాదు, గోరు కింద తగిలే ఎర్రటి పొడి. ఏది ఎంతకాలం నిలుస్తుందో, ఏది ఈ ఏడాది పోతుందో అతనికి తెలుసు. వస్తువు శాశ్వతమని భ్రమపడేది దాన్ని కొని షెడ్డులో పెట్టి మరిచిపోయినవాడే.

ఒక అభ్యంతరానికి మాత్రం నేను సగం లొంగుతాను. ఉల్లాసం కోసం తిరిగే పెద్ద బండి అసలు అవసరమా, పెట్రోలు కూడా సముద్రం దాటి రావలసిన ద్వీపంలో ఆ సవారీకి క్షేమం అన్న పెద్దమాట కప్పవచ్చా? కప్పకూడదు. చైను శుభ్రంగా ఉన్నంత మాత్రాన ప్రయాణం ధర్మం కాదు. ట్రంక్ రోడ్డు దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక ఆ రోడ్డు జరావా తెగ అడవిలోంచి పోతుంది. మనకు చేకూరిన ఆ దారి, మన యోగం, కొన్ని వందలమంది ఉన్న ఆ జాతి క్షేమాన్ని కోసుకుంటూ పోయింది. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లోనే నిబంధన వచ్చింది. 2002 మేలో ఆ అడవిలోంచి పోయే భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది, అయినా రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. వాళ్ళు మన ఊళ్ళ వైపు రావడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, తట్టు వాళ్ళకు సోకింది, 2006లో మళ్ళీ సోకింది. ఇప్పుడు అక్కడ పోలీసు కాపలాతో వాహనాలు వరుసగా పోవాలి, గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. ఆ రోడ్డు మీద ఏ బండి చెడినా ఆగకూడని చోట ఆగినట్టే, వెనక వరుసంతా ఆగినట్టే. అక్కడికి పోక తప్పనివాడు ముందు రాత్రే చైను, టైర్లు, గొట్టాలు చూసుకోవడం, తాను ఎన్నడూ మాట కలపకూడని మనుషుల పట్ల చూపగల మర్యాద. ఊరికే చూసి రావడానికి పోయేవాడికి రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు శ్రీ విజయపురం రేవు నుంచి ఓడలున్నాయి. బండిని కడిగి, చైనుకు నూనె పట్టించి, షెడ్డులో స్టాండు వేసి, టిక్కెట్టు కొనుక్కోవచ్చు.